మిషన్ల దేవదాసు మడత సైకిల్

అమరచింత చుట్టుపక్కల పల్లెల్లో కుట్టుమిషన్ మొరాయిస్తే ఆడవాళ్ళు ముందు సూది మార్చి చూస్తారు. తర్వాత నూనె వేసి చూస్తారు. అదీ కాకపోతే దేవదాసుకు ఫోన్ చేస్తారు. పదిహేనేళ్ళుగా ఇదే వరస. మిషన్ల దేవదాసు అంటే ఆత్మకూరులోనూ తెలుసు, జూరాల కట్ట దాటి గద్వాల వైపు ఊళ్ళలోనూ తెలుసు. దారం తెగుతోందన్నా, కుట్టు దాటేస్తోందన్నా అతను మిషన్ ముందు కూర్చుని, చక్రాన్ని చేత్తో మెల్లగా రెండు మూడు చుట్లు తిప్పి, చెవి ఒగ్గి వినేవాడు. రోగం ఎక్కడుందో ఆ తర్వాత చెప్పేవాడు.

ఆ విద్య ఊళ్ళో అబ్బింది కాదు. పన్నెండేళ్ళ వయసులో అమ్మానాన్నల వెంట పుణె వైపు మట్టిపనికి వెళ్ళాడు. మీసాలు వచ్చే నాటికి భివండీలో బట్టలు కుట్టే కార్ఖానాలో మూటలు మోసే పనిలో కుదిరాడు. అక్కడ మిషన్లు బాగుచేసే ముసలాయన ఒకడుండేవాడు. మూటల మనిషి మాటిమాటికీ వచ్చి తన భుజం మీదుగా తొంగి చూస్తుంటే కసురుకోకుండా, ఒకరోజు స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. "ముందు విను, తర్వాత విప్పు" అన్నాడట. దేవదాసు చదువంతా అదే. చాలా ఏళ్ళ తర్వాత తల్లికి జబ్బు చేసిందని భార్య నర్సమ్మనూ, చిన్నపిల్ల కృపనూ వెంటబెట్టుకుని అమరచింతకు వచ్చాడు. తల్లి పోయింది. అతను మాత్రం తిరిగి భివండీ పోలేదు. ఒక పాత మోపెడ్ కొనుక్కుని, పనిముట్ల సంచి దాని మీద పెట్టుకుని, ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళ కిందట కంకర పోసిన మలుపులో ఆ మోపెడ్ జారింది. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. వనపర్తి దవాఖానలో ఆపరేషన్ చేసి తీగ వేసి కట్టారు. కాలు నిలబడింది గానీ, బండి ఒక పక్కకు ఒరిగితే ఆ కాలు ఆపలేకపోయేది. రెండుసార్లు ఇంటి ముందే పడబోయాక మోపెడ్ అమ్మేశాడు. డాక్టర్ మాత్రం ఒక మాట అన్నాడు. "ఎక్కువ దూరం నడవొద్దు. బరువు మోయొద్దు. సీటు ఎత్తుగా పెట్టుకుని సైకిల్ తొక్కితే మాత్రం మోకాలికి మంచిదే."

నడవొద్దు, మోయొద్దు అంటే అతని పని ఎలా సాగుతుంది? బస్సు దిగేది రోడ్డు మీద స్టేజీ దగ్గర. ఊరు అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు. భుజాన పది కిలోల సంచి. పోయేటప్పుడు ఎవరి బండో దొరికేది, వచ్చేటప్పుడు దొరికేది కాదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మోకాలు ఉబ్బి ఉండేది. నర్సమ్మ వేడినీళ్ళ గుడ్డ వేసి కాపడం పెడుతూ ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే అతనికి ఎక్కువ బాధగా ఉండేది. మెల్లగా దూరపు ఊళ్ళు ఒక్కొక్కటే మానేశాడు. మొదట మానవపాడు వైపు, తర్వాత గద్వాల అవతలి పల్లెలు. ఫోన్ వస్తే "రేపు చూస్త చెల్లె" అనేవాడు. ఆ రేపు రాదని తనకు తెలుసు. అవతలి మనిషికి కూడా తెలుసు.

అలాంటి రోజుల్లో నర్సమ్మ తమ్ముడు యేసుబాబు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. అతను అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్.

"బావా, మా పక్క బిల్డింగ్‌ల మొగుడు పెండ్లాలు గావాల్నట. కింద రూమిస్తరు. నువ్వు గేటు కాడ కుర్చీల కూసుంటె చాలు. అక్క నాలుగిండ్లల్ల పని చేసుకోవచ్చు. మే నెల ఆఖరుకు జవాబు చెప్పాలె."

దేవదాసు నర్సమ్మ వైపు చూశాడు.

"నీ ఇష్టం" అంది ఆమె, చేటలో బియ్యం ఏరుతూ.

ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ మాటకు అర్థం అతను నేర్చుకోకపోలేదు. ఆమెకు ఇక్కడ రెండు మేకలున్నాయి, ఆడవాళ్ళ సంఘం ఉంది, ఆదివారం ప్రభువు గుడిలో పాటలకు ముందు గొంతెత్తే చోటు ఉంది. ఇవన్నీ వదిలి ఎవరి మెట్లో తుడవడానికి పోవాలంటే ఆమె మనసు ఒప్పదు. ఒప్పదని నోరు తెరిచి చెబితే మొగుడి మోకాలు ఏమవుతుందోనని భయం. అందుకే నీ ఇష్టం అంది. అతను కూడా యేసుబాబుకు జవాబు చెప్పకుండా రోజులు నెట్టుకొచ్చాడు.

ఫిబ్రవరిలో కృప వచ్చింది. ఆమె హైదరాబాద్‌లో ఆటల సామాన్లు అమ్మే ఒక పెద్ద దుకాణంలో బిల్లులు కొట్టే పని చేస్తుంది. బస్సు దిగి, పాత దుప్పట్లో చుట్టిన పెద్ద మూటను ఆటోలో వేసుకుని తెచ్చింది. వాకిట్లో దుప్పటి విప్పితే లోపల రెండుగా మడిచిన సైకిల్. నడుము దగ్గర ఒక కీలు, హ్యాండిల్ కింద ఇంకో కీలు. విప్పి, బిగించి, సీటు పైకి లాగి నిలబెట్టింది. చక్రాలు మోకాలెత్తు కూడా లేవు.

నర్సమ్మ చుట్టూ తిరిగి చూసింది. "ఇదేంది బిడ్డా, పిల్లలు తొక్కేదాని లెక్కుంది. మీ నాయిన దీని మీద పోతె ఊరోళ్ళు పని ఇడిసిపెట్టి సూస్తరు."

"సూడనీ. రెండు దినాలు సూసి ఊకుంటరు" అంది కృప. తండ్రి వైపు తిరిగింది. "నాయినా, డాక్టరు సైకిల్ తొక్కుమన్నడు గద?"

"అన్నడు. సైకిల్ మీద గద్వాలకు పోతనా?"

"గద్వాలకు బస్సుల పో. స్టేజీ కాడ దిగినంక దీన్ని విప్పు. ఊర్లెకు తొక్కుకుంట పో. మల్ల మడిసి బస్సెక్కు. మా దుకాణంల ఆర్నెల్లు అద్దాల కాడ నిలబెట్టిండ్రు, ఎవ్వరు కొనకపాయిరి. పని చేసెటోళ్ళకు తక్కువకిస్తమంటె తెచ్చిన. ఆరు గేర్లున్నయి. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు పెట్టుకుంటె మోకాలి మీద బరువు పడదు."

దేవదాసు కింద కూర్చుని కీళ్ళు తెరిచి చూశాడు, మూసి చూశాడు. లోహం మంచిదే. పని శుభ్రంగా ఉంది. కానీ చూస్తూ పోతే లేనివే ఎక్కువ కనబడ్డాయి.

"స్టాండేది?"

"వేరేగ కొనాలె నాయినా."

"క్యారియరు? మడ్‌గార్డులు?"

"అవి గూడ."

"బెల్లన్న లేదేంది?"

కృప ఇబ్బందిగా నవ్వింది. "మా దుకాణంల అన్ని ఇడిగ అమ్ముతరు. సైకిల్ కొన్నోళ్ళకు ఇంకేం గావాల్నో ఫోన్‌ల లిస్టే ఉన్నది. సూడు." ఫోన్ తండ్రి ముందు పెట్టింది. లైట్లు, తాళం, సంచులు, నీళ్ళ సీసా పెట్టుకునే గూడు, ఫోన్ పట్టి, చేతులకు తొడుగులు... వేలితో ఎంత జరిపినా అయిపోలేదు.

"ఇప్పుడే ఏమొద్దు బిడ్డా. నాలుగు దినాలు తొక్కనీ. ఏం లేకుంటె నడ్వదో తోవల తెలుస్తది."

"సరె. రెండు మాత్రం నేనే తెచ్చిన. వీటికి వద్దనకు." సంచిలోంచి హెల్మెట్టూ, వెనక తగిలించే ఎర్ర లైటూ తీసింది. అతను వద్దనలేదు. మోపెడ్ జారిన రోజు తల రాయికి జానెడు దూరంలో పడింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారి ఆత్మకూరు రోడ్డు మీద ఎక్కి చూశాడు. చిన్న చక్రాలు గదా, హ్యాండిల్ కొంచెం కదిపితే చాలు, బండి చటుక్కున తిరిగేది. మొదటి అరగంట మేకపిల్లను తాడు పట్టి నడిపినట్టే ఉంది. తర్వాత చేతులకు అలవాటైంది. ముఖ్యమైన సంగతేమంటే, దిగాక మోకాలు నొప్పి పెట్టలేదు. ఇంటి ముందు నిలబడి కాలు రెండు మూడుసార్లు మడిచి చాపి చూసుకున్నాడు. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి అదే చూస్తోంది.

ఆ వారమే సంచి వీపుకు కట్టుకుని, జూరాల అవతల ఒక ఊళ్ళో రేణుకమ్మ ఇంటికి వెళ్ళాడు. రేణుకమ్మ జాకెట్లు కుట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. పోయేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు మాత్రం మోకాలు సలపడం మొదలైంది. స్టేజీ చేరేసరికి పాత నొప్పి పాతచోటికే వచ్చింది. బస్సులో కూర్చున్నంతసేపూ అతని మనసు మనసులో లేదు. కూతురు ఎంతో ఆశపడి తెచ్చింది, దీనికి కూడా ఈ కాలు ఒప్పుకోవడం లేదని ఆమెకు ఎలా చెప్పాలి?

ఇంటికి వచ్చాక, కోపంగా సీటు వైపు చూస్తే సంగతి తెలిసింది. పొద్దున పెట్టిన ఎత్తు కంటే అది నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. అతని బరువూ, వీపు మీది సంచి బరువూ కలిసి దాన్ని దారి పొడుగునా కొంచెం కొంచెంగా కిందికి నెట్టాయి. సీటు దిగితే మోకాలు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వంగితే నొప్పి. తప్పు కాలిది కాదు. దేవదాసుకు అక్కడికక్కడే నవ్వొచ్చింది. సీటు కడ్డీ బయటికి లాగి, దుకాణంలో ఎవరో పూసిన జిడ్డంతా గుడ్డతో తుడిచాడు. పట్టు మరను బిగించాడు. తనకు సరిపోయే ఎత్తు దగ్గర ఆకురాయితో ఒక గీత గీసి, అది కనబడేలా నర్సమ్మ దగ్గర గోళ్ళరంగు అడిగి పూశాడు.

"యాభై నాలుగేండ్లకు గోళ్ళరంగు అడుగుతున్నవు" అంది నర్సమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె అలా ఎకసెక్కం చేయడం.

సంచి వీపు మీద ఉండకూడదని కూడా అప్పుడే తేలింది. ఆత్మకూరులో సైకిళ్ళు బాగుచేసే బాలన్న దగ్గరికి తీసుకుపోయాడు. బాలన్న సైకిల్‌ని చూసి, మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. పని అడగకుండా అయిదు నిమిషాలు దానితోనే ఆడుకున్నాడు.

"దీనికి మన క్యారియర్ కూసోదు దేవదాసన్నా. చక్రం సిన్నది, కాళ్ళు కురుస."

"పిల్లల సైకిల్‌ది పెట్టి సూడు. కాళ్ళు మనమే వంచుదాం."

వంచారు, రంధ్రాలు వేశారు, బిగించారు. సంచి పెట్టి తొక్కితే మడమ సంచికి తగిలింది. మళ్ళీ విప్పి క్యారియర్‌ని నాలుగు అంగుళాలు వెనక్కి జరిపారు. మడిచి చూస్తే ఈసారి క్యారియర్ కొస నేలకు తగిలి, సైకిల్ దానంతటదే నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది అనుకుని చేసింది కాదు. స్టాండు కూడా వేయించాడు గానీ, మడిచినప్పుడు మాత్రం దానితో పనిలేకపోయింది. ముందొక లైటు, రెండు చక్రాలకూ రేకు మడ్‌గార్డులు కూడా ఆ రోజే పడ్డాయి. బెల్లు బాలన్న తన పాత సామాన్ల డబ్బాలోంచి తీసి ఊరికే ఇచ్చాడు.

టైర్ల సంగతి ముళ్ళు చెప్పాయి. పత్తికట్టె పీకిన చేల పక్క దారుల్లో వారంలో మూడు పంక్చర్లు. ఆ సైకిల్ ట్యూబుకు గాలి కొట్టే మౌతు మన సైకిళ్ళకుండేది కాదు, మోటర్‌సైకిల్ ట్యూబుకుండేలాంటిది. ఒక రకంగా అది మేలే అయింది. పెట్రోల్ బంకులో ఆగి గాలి పట్టించుకోవచ్చు. కానీ పల్లెల్లో బంకులెక్కడివి? చిన్న చేతిపంపు ఒకటి, మారుట్యూబు ఒకటి సంచిలో చేరాయి. సన్నటి టైర్లు తీసేసి కొంచెం లావువి వేయించాడు. లోపల పాత ట్యూబును పొడవుగా కత్తిరించి పట్టీలా పరిచారు. ఆ తర్వాత ముల్లు గుచ్చుకున్నా లోపలి దాకా దిగలేదు.

ఇక బస్సు. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయ్యాక బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండటం లేదు. ఒకరోజు గద్వాల బస్సులో సైకిల్ గొలుసు జిడ్డు ఒకావిడ కొత్త చీర కుచ్చిళ్ళకు అంటుకుంది. ఆమె తిట్టలేదు, అదే ఇంకా కష్టమనిపించింది. చీర ఎత్తి పట్టుకుని, ఆ మరకనే చూస్తూ కూర్చుంది. కండక్టర్ మాత్రం ఊరుకోలేదు.

"పెద్దమనిషీ, రేపటిసంది దీన్ని ఎక్కనియ్య. సామాను టికెట్ తీసుకున్నా సరే. మంది మీద జిడ్డు పడితె నన్నంటరు."

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. దేవదాసు ఆ సాయంత్రం రేణుకమ్మకు ఫోన్ చేసి కొలతలు చెప్పాడు. ఆమె ఆటో సీట్లకు వేసే రెక్సిన్‌తో, పైన జిప్పు, భుజానికి వెడల్పాటి పట్టీ పెట్టి పెద్ద సంచి కుట్టింది. మడిచిన సైకిల్ అందులో పెడితే హార్మోనియం పెట్టెలా కనిపించేది. కుట్టు గట్టిగా ఉండాలని మూడు వరసలు వేసింది. ఎంతయిందని అడిగితే, "నా మిషన్ ఇన్నేండ్లు నడిపిచ్చినవు. గీ సంచికి అడుగుతనా?" అంది. అదే కండక్టర్ మర్నాడు సంచిని చూసి, వెనక సీటు పక్కన చోటు చూపించాడు.

ఇలా ఏప్రిల్ గడిచేసరికి వదిలేసిన ఊళ్ళలో సగం మళ్ళీ అతని దారిలోకి వచ్చాయి. అయినా యేసుబాబుకు జవాబు చెప్పలేదు. మోకాలు ఇలాగే ఉంటుందో, ఎండాకాలం పోయి వానలొస్తే మళ్ళీ మొండికేస్తుందో అని లోపల అనుమానం. ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అనుకుంటూ ఉండగానే మే మూడో వారం వచ్చింది.

అప్పుడు కోడేరు మండలం నుంచి జోగులమ్మ ఫోన్ చేసింది. అక్కడి ఆడవాళ్ళ సంఘం బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని పట్టింది. ఆ సంఘానికి పెద్ద జోగులమ్మే. ఆమె చెల్లెల్ని ఆత్మకూరులో ఇచ్చారు, నంబరు అక్కణ్ణుంచి దొరికింది.

"దేవదాసన్నా, ఎనిమిది మిషన్లల్ల అయిదు పండుకున్నయి. బడులు తెరిసేదాంక బట్టలియ్యాలె. గీడికి ఎవ్వరొస్తలేరు. పోయినేడు గూడ నీకు ఫోన్ చేసిన, రేపు చూస్తనంటివి."

దేవదాసుకు గుర్తుంది. పోయినేడు "రేపు చూస్త" అన్న మాటల్లో అదొకటి.

"వస్తనమ్మా. రేపు పొద్దుగాల్నే వస్త" అన్నాడు.

వనపర్తిలో బస్సు మారి, కోడేరు దగ్గర దిగి, అక్కణ్ణుంచి అయిదు కిలోమీటర్లు తొక్కాడు. ఇంత దూరం అతను ఎప్పుడూ పోలేదు. స్టేజీ దగ్గర సైకిల్ విప్పుతుంటే నలుగురు చుట్టూ చేరి, ఇదెక్కడిది, ఎట్ల మడుస్తరు అని అడిగారు. వాళ్ళకు జవాబు చెబుతూనే హ్యాండిల్ కీలును బిగించే పట్టీని నొక్కి మూశాడు. అది మెత్తగా పడింది. వారం రోజులుగా మెత్తగానే పడుతోంది. పట్టించుకోలేదు.

సంఘం గదిలో రోజంతా పని. రెండు మిషన్లకు సూది, షటిల్ కలిసే సమయం తప్పింది. ఒకదానికి బట్టను ముందుకు జరిపే పళ్ళు అరిగాయి. ఒకదానికి తోలు బెల్టు సాగింది. ఆఖరిదాంట్లో ఏ రోగమూ లేదు, బాబిన్ కింద దూది గడ్డకట్టింది. నాలుగు గంటలకు ఎనిమిది మిషన్లూ ఒక్కసారి నడిచాయి. ఆ చప్పుడుకు జోగులమ్మ కుర్చీలో కూలబడి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. చేతులు తీశాక చూస్తే నవ్వుతోంది.

"వారం దినాలసంది తిండి సయిస్తలేదన్నా" అంది.

రొట్టెలు తినిపించి గానీ కదలనివ్వలేదు. వనపర్తి బస్సు దొరకాలంటే అయిదున్నరకు స్టేజీలో ఉండాలి. దేవదాసు సంచి క్యారియర్‌కు కట్టి బయలుదేరాడు. ఊరు దాటితే పల్లం. పల్లం కింద నీళ్ళు పోయే చిన్న మోరీ. రోడ్డు ఖాళీగా ఉంది, గాలి వీపు మీద నుంచి వీస్తోంది. మనసు తేలికగా ఉండి కొంచెం వదిలేశాడు. మోరీకి ఇవతల ఒక గుంత. ముందు చక్రం అందులో పడి లేచింది. టక్‌మని చప్పుడైంది. చేతుల్లో ఉన్న హ్యాండిల్ ఒక పక్కకు వాలడం మొదలుపెట్టింది.

కీలు పట్టీ ఊడింది. హ్యాండిల్ చేతుల్లో ఉంది గానీ, అది చెప్పినట్టు చక్రం వినడం లేదు. వెనక బ్రేకు ఒక్కటే పట్టి, కాళ్ళు రెండూ దూరంగా చాపాడు. రోడ్డు పక్కన మోరీ పనికి పోసిన ఇసుక కుప్ప ఉంది. సైకిల్ దానంతటదే అటు పోయిందో, తనే తోశాడో తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. ఇసుకలో చక్రం కూరుకుపోయింది. అతను కుడిపక్కకు మెత్తగా పడ్డాడు.

కాసేపు లేవలేదు. ప్రభువా అన్నాడు, అంతే. మెల్లగా ఎడమకాలు మడిచాడు. ముడుచుకుంది. చాపాడు. చాచుకుంది. నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. మోకాలు ఏమీ అనలేదు. అప్పుడు మళ్ళీ ఇసుక మీద కూర్చుని, గుండె కుదుటపడేదాకా దూరంగా దున్నిన చేలను చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత సైకిల్ లేపి కీలు చూశాడు. రోజూ తెరిచి మూస్తుంటే పట్టీ వెనక ఉన్న మర కొంచెం కొంచెంగా వదులైంది. అందుకే వారంగా మెత్తగా పడుతోంది. మర వదులైతే మిషన్ ముందే చెబుతుందని ఎన్ని వందల మందికి చెప్పాడు తను! అదే సంగతి తన చేతికింద జరుగుతుంటే వినలేదు. సిగ్గేసింది. స్పానర్ తీసి మర బిగించాడు. పట్టీ ఇప్పుడు అరచేతితో గట్టిగా నొక్కితే గానీ పడలేదు. అది సరిపోదనిపించింది. సంచిలో కాలితో తొక్కే మిషన్లకు వేసే తోలు బెల్టు ఉంది. ఒక ముక్క కోసి, పట్టీ చుట్టూ రెండు చుట్లు తిప్పి, బెల్టు కొసల్ని కలిపే తీగ కొక్కెంతోనే బిగించాడు. పట్టీ ఊడినా బెల్టు ఆపుతుంది. లాగి చూశాడు, ఊపి చూశాడు, ముందు చక్రాన్ని నేలకేసి కొట్టి చూశాడు. కదలలేదు.

మిగతా దారి మెల్లగా తొక్కాడు. స్టేజీకి వచ్చేసరికి ఆరు కావస్తోంది. బస్సు పోయే ఉంటుందనుకున్నాడు. టీ కొట్టు ముందు నలుగురు ఇంకా ఎదురు చూస్తున్నారు. ఆ రోజు అది ఆలస్యం. సైకిల్ సంచిలో పెట్టి జిప్పు లాగేలోపే వచ్చింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. వనపర్తి దాకా అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ నిద్రపోలేదు. రోజంతా పనిచేశాడు, పది కిలోమీటర్లు తొక్కాడు, పడ్డాడు కూడా. అయినా కాలు ఎక్కడుందో తెలియనంత హాయిగా ఉంది. రెండేళ్ళలో ఇలాంటి సాయంత్రం ఒక్కటి కూడా లేదు. ఇక అనుమానం ఎందుకు?

పడిన సంగతి ఇంట్లో దాచలేదు. ఈసారి మొత్తం చెప్పాడు. నర్సమ్మ మోకాలు తడిమి చూసి, మోచేతి మీద గీరుకున్న చోట పసుపు పెట్టింది. ఫోన్‌లో కృపకు కూడా అంతా చెప్పాడు.

"నాయినా, లిస్టుల అన్ని ఉన్నయి గని, దినాం కీళ్ళు బిగిచ్చి సూసుకోవాల్నని లేకుండె" అంది ఆమె. మర్నాడే దుకాణంలో అడిగి, కీలుకు అడ్డుపడే రెండో కొక్కెం ఉన్న పట్టీ సంపాదించి పంపింది. బాలన్న దాన్ని బిగించాడు. దేవదాసు మాత్రం తోలు బెల్టు తీయలేదు. ప్రతి పొద్దునా బయలుదేరే ముందు ఒక్క నిమిషం రెండు కీళ్ళూ, సీటూ, బ్రేకులూ చూడటం అలవాటు చేసుకున్నాడు.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుందనగా, యేసుబాబుకు ఫోన్ చేయడానికి కూర్చున్నాడు. పాపం, బావకు మేలు చేద్దామని అంత మాట సాయం చేశాడు. ఇన్నాళ్ళు నానబెట్టి ఇప్పుడు రానంటే ఏమనుకుంటాడు?

"యేసుబాబూ, ఏమనుకోకు. నేను రాలేను. పని మల్ల మంచిగ నడుస్తున్నది. కాలు గూడ..."

అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది.

"బతికిచ్చినవు బావా. వాళ్ళు పది దినాల కిందనే వేరేటోళ్ళను పెట్టుకున్నరు. నీకెట్ల చెప్పాల్నో తెల్వక పరేషానైతున్న. అక్క ఏమంటదో అని ఫోనే చేస్తలేను."

దేవదాసు నవ్వాడు. అవతల యేసుబాబు కూడా నవ్వాడు. ఇద్దరూ కొంతసేపు ఎండల గురించి, పిల్లల చదువుల గురించి హాయిగా మాట్లాడుకున్నారు.

నర్సమ్మ గడప మీద కూర్చుని అంతా వింటోంది. ఫోన్ పెట్టేశాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"గా ఊర్ల నాకు ఊపిరాడకపోవు" అంది.

"మరి చెప్పకపోతివి?"

"నీ కాలు చూసి చెప్పకపోతిని."

ఆమె లేచి మేకలకు ఆకు వేయడానికి వెళ్ళింది. అవతలి పక్క నుంచి ఆమె గొంతులో గుడి పాట ఒకటి సన్నగా వినబడింది.

జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు దేవదాసు మానవపాడు వైపు వెళ్ళాడు. స్టేజీ నుంచి లోపలికి మూడు కిలోమీటర్లు, నల్లరేగడి పొలాల మధ్య దారి. మడ్‌గార్డులు రెండూ బురదతో నిండాయి గానీ వీపు మీద చుక్క పడలేదు. ఊరి మొదట్లో ఉన్న ఇంటి ముందు ఆగితే, ఆ ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి కళ్ళు చిట్లించి చూసింది.

"రెండేండ్లాయె అన్నా నువ్వు రాక. ఇగ రావేమో అనుకున్నం."

"వచ్చిన గద చెల్లె. మిషన్ ఎట్లుంది?"

"దుమ్ము పట్టి మూలకున్నది."

"బయటికి తీద్దాం పట్టు" అన్నాడు దేవదాసు. ఇద్దరూ చెరో పక్క పట్టి మిషన్‌ను వెలుగులోకి తెచ్చారు. అతను పీట వాల్చుకుని దాని ముందు కూర్చున్నాడు. చక్రం మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పి, వినసాగాడు.